ఎవరికొచ్చినా ఇంటికే కదా

ఆ చలికాలమంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఊళ్లో అందరూ స్వెటర్లేసుకుని చేతులు రుద్దుకుంటుంటే నేను మెడ దగ్గర గుండీ విప్పుకుని తిరిగాను. చలెయ్యడం లేదా అని ఎవరైనా అడిగితే లేదనేదాన్ని. అంత కోపంలో ఉన్న మనిషికి చలెక్కడిది?

నేను వయోలా వాయిస్తాను. చూడ్డానికి వయొలిన్‌లాగే ఉంటుంది, కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు పైన పాడుకుంటూ పోతుంటే కింద బరువు మోసేది మేమే. మేం ఆపేస్తే తప్ప మేం ఉన్నామని వినేవాళ్లకి తెలీదు. మా ఆయనది కూడా వయోలానే. ఇద్దరం ఒకే మాస్టారి దగ్గర నేర్చుకున్నాం, అక్కడే ఒకరికొకరం నచ్చాం, అక్కడే పోట్లాడుకోవడం కూడా మొదలుపెట్టాం. ఇద్దరికీ ఉద్యోగం లేదు, పని మాత్రం ఉంది. ఈ వారం రికార్డింగు, వచ్చే వారం నాటకం, ఆ పై వారం ఎవరో మంచాన పడితే వాళ్ల కుర్చీలో.

ఈ పనులు కుదిర్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఫోన్లో పేరు చెప్పడు, బాగున్నారా అని అడగడు, నోరు తెరిస్తే ఫలానా తారీఖు ఖాళీయేనా అంటాడు. అందుకని వాయించేవాళ్లమంతా ఆయన్ని 'ఖాళీయేనా గారు' అనే అనుకుంటాం. మా ఇంటికి చేసినప్పుడు మాత్రం ఆ ప్రశ్న ఇంకొంచెం సాగేది: "మీ ఇద్దరిలో ఎవరు ఖాళీ?" ఆయనకి ఎవరైనా ఒకటే. ఒకే వాయిద్యం, ఒకే చదువు, ఒకే ఇల్లు.

ఇంట్లో మాకొక రూలుండేది. వంటింటి తలుపు మీద క్యాలెండరు. "ఉంచుకోండి, చెప్తాం" అన్న తేదీలు పెన్సిలుతో రాయాలి, ఖరారైనవి పెన్నుతో. ఒకే రోజు ఇద్దరికీ పనొస్తే పెన్నుది నిలుస్తుంది, పెన్సిలుది తప్పుకుంటుంది, తప్పుకున్నవాళ్లు పాప దగ్గరుంటారు. పాపకి అప్పుడు ఏడేళ్లు. ఆ రూలు పెట్టుకున్న రోజున ఎంత న్యాయంగా కనిపించిందో చెప్పలేను. చేతులు కలిపి మరీ పెట్టుకున్నాం.

ఇంకో రూలుంది. అది మా ఇంటిది కాదు, మా వృత్తిది. ఒప్పుకున్న రోజున రాలేకపోతే కుర్చీ ఖాళీగా ఉంచకూడదు, బదులు మనిషిని పంపాలి. బదులు వెళ్లినవాడు ఆ కుర్చీలో కూర్చోవచ్చు గానీ దాని మీద కన్నెయ్యకూడదు. వాళ్లంతట వాళ్లు నువ్వే ఉండిపో అన్నా సరే, ఇది ఫలానా ఆవిడది, ఆవిణ్ణే అడగండి అని చెప్పి లేచి రావాలి. ఎక్కడా రాసి లేదు, కానీ అది తప్పినవాడి పక్కన నిలబడి ఎవరూ టీ తాగరు. మా ఆయనకి ఈ విషయంలో మహా పట్టింపు. చిన్నప్పటి స్నేహితుడొకడు అలా చేశాడని వాడి పెళ్లికి కూడా వెళ్లలేదు.

చలి మొదలయ్యే రోజుల్లో పెద్ద ఆర్కెస్ట్రా ఆఫీసు నుంచి నాకు ఫోనొచ్చింది. ఇద్దరిలో ఎవరికో కాదు, పేరు పెట్టి నాకే. వయోలాల్లో ఒకాయన రిటైరవుతున్నాడు, ఆ కుర్చీకి నన్ను చూస్తారట. చూడ్డమంటే ఒక పూట వాయించి రావడం కాదు. చలికాలమంతా అప్పుడో వారం ఇప్పుడో వారం పిలిచి తమ మధ్యలో కూర్చోబెట్టుకుంటారు. బాగా వాయించడం అందరికీ వచ్చు. పక్కమనిషి చేతిలో కమాను ఎటు కదిలితే నాదీ అటే కదులుతోందా, పేజీ సమయానికి తిప్పుతున్నానా, రిటైరయ్యేదాకా నన్ను భరించగలరా, ఇవీ వాళ్లకి కావాల్సినవి. నాతోపాటు పొరుగూరి నుంచి వచ్చే ఒకతన్ని కూడా చూస్తున్నారు. ఎండలు ముదిరేలోపు ఇద్దరిలో ఒకరిని ఉంచుకుంటారు.

ఆ కుర్చీ అంటే ఏమిటో మాలాంటి వాళ్లకే తెలుస్తుంది. వచ్చే నెల ఏం చేస్తానో ఈ నెలే తెలియడం. జ్వరమొస్తే పడుకోవడం. పాప బళ్లో ఫలానా రోజు రమ్మంటే వస్తానని ధైర్యంగా చెప్పడం. వెళ్లిన ప్రతిచోటా, నా కుర్చీ ఏదండీ అని అడుక్కోకుండా నేరుగా వెళ్లి కూర్చోవడం. ఇంకేదీ నేను అంతగా కోరుకోలేదు. ఆ మాట మా ఆయనకి తెలుసు. ఆ రోజు పాపని ఎత్తి తిప్పాడు కూడా, మీ అమ్మ పెద్దదైపోయింది అంటూ.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారానికి తేదీలు పెన్సిలుతో రాసి పెట్టాను. ఆ ఆఫీసు తీరే అంత, వారం ముంగిట్లోకి వచ్చేదాకా ఖరారు చెయ్యరు. ఒకరోజు పొద్దున పాప డబ్బా సర్దుతూ తలెత్తి చూస్తే నా పెన్సిలు గీతల మీద నీలం సిరా. నాటకమట. స్టేజీ ముందు గుంటలో కూర్చుని వాయించే పని, సాయంత్రాలన్నీ, సెలవు రోజుల్లో రెండేసి ఆటలు, చలికాలం చివరిదాకా.

ఒక్కమాట అడగలేదేం అన్నాను.

"అడగడానికేముంది? నాది ఖరారైంది, నీది ఇంకా పెన్సిలే కదా."

"నాది ఎప్పటికీ పెన్సిలే. వాళ్లు అలాగే ఇస్తారు. అంటే ఈ చలికాలమంతా నేనే తప్పుకోవాలా?"

"రూలు పెట్టింది ఇద్దరం," అన్నాడు బూట్లు తుడుచుకుంటూ. "నువ్వూ ఒప్పుకున్నావ్."

ఇదీ నాకు కడుపు మండించేది. అరిచినా బాగుండేది. నిదానంగా, ఎదుటివాళ్లదే తొందరపాటు అన్నట్టు మాట్లాడతాడు. ఆయన పనులు ఎప్పుడూ సిరాతోనే వస్తాయి, ఎందుకంటే ఖాళీయేనా గారు ముందు ఆయన ఫోనుకే చేస్తాడు. ఆయన వద్దన్నాక మిగిలినవి నాకు వస్తాయి, అవీ ఊగిసలాడుతూ. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ రూలు కింద ఆయన తప్పుకున్నది ఎన్నిసార్లని వేళ్లు ముడిచి చూసుకున్నాను. ఒక చెయ్యి చాలింది.

చివరికి గొడవ తెంచింది మా అత్తయ్య. ఆవిడ ఒక ల్యాబులో రక్తం తీస్తుంది. ఇంట్లో వేళకి వెళ్లి వేళకి వచ్చే మనిషి ఆవిడొక్కతే. సూది గుచ్చితే నొప్పి తెలీదని ఆవిడకి పేరు, మాట విషయంలో మాత్రం ఆ పేరు లేదు. సాయంత్రాలు పాపని తను చూసుకుంటానని నాతో చెప్పి, కొడుకు వైపు తిరిగి, "నీ సిరా సంగతి నాకు తెలీదురా. దాని పని చెడిందో, నేను ఊరుకోను," అంది. ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు.

రెండో వారం మొదటి రిహార్సల్ రోజున పాపని బళ్లో దింపి, ఆ పక్కింట్లోనే ఒక పిల్లకి పాఠం చెబుతున్నాను. అక్కణ్ణుంచి నేరుగా ఆర్కెస్ట్రా హాలుకి వెళ్లాలి. ఇంతలో బడి నుంచి ఫోను. జారుడుబల్ల మీంచి పడింది, చెయ్యి విరిగినట్టుందండీ, రండి. పరిగెత్తాను. పాప ఏడవడం మానేసి తెల్లగా పాలిపోయి కూర్చునుంది. ఏడుస్తుంటే ఇంత భయపడేదాన్ని కాదు. ఒళ్లో వేసుకుని ట్యాక్సీలో ఆస్పత్రికి పోతూ మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన థియేటర్లో సాధన చేసుకుంటున్నాడు, ఆట సాయంత్రానికి గానీ లేదు, వయోలా చేతిలోనే ఉంది. థియేటరూ మా హాలూ ఒకే వీధిలో.

ఇంకో ఇంట్లో అయితే ఏమంటారు? నువ్వు వెంటనే ఆస్పత్రికి రా, నేను పనికి పోవాలి, అంటారు. నేనన్నది, "పాప చెయ్యి విరిగింది. నువ్వెళ్లి నా కుర్చీలో కూర్చో." ఆయన కూడా పాపకెలా ఉందని అడగడానికి ముందు, ఏ వరస, లోపలి వైపా బయటి వైపా అని అడిగాడు. కుర్చీ ఖాళీగా ఉండకూడదన్నది మా ఇద్దరి ఎముకల్లోకీ అంతగా దిగిపోయింది. ఆ క్షణాన మా ఇద్దరికీ అది తప్పని తోచలేదు. ఆస్పత్రిలో నర్సు మాత్రం, నాన్న రాలేదా అని అడిగింది. పనిలో ఉన్నారన్నాను. నా పనిలో ఉన్నాడని చెబితే ఆవిడకేం అర్థమవుతుంది?

పాప కట్టు కట్టిన చేత్తో నన్ను వదల్లేదు. దాంతో రెండో రోజు రిహార్సల్‌కి కూడా ఆయనే వెళ్లాడు. కచేరీ సాయంత్రానికి నేను వెళ్లాను. స్టాండు మీద నా స్వరాల కాగితాల్లో అక్కడక్కడా ఆయన పెన్సిలు గుర్తులు. జాగ్రత్తగా చూడాల్సిన చోట చిన్న కళ్లద్దాల బొమ్మ వేస్తాం మేమంతా. ఆయన వాటికి కింద మీసం కూడా గీశాడు. చూసి నవ్వుకున్నాను, నా బుద్ధి తక్కువ. పక్కన కూర్చున్నావిడ, మీ ఆయన భలే సరదా మనిషండీ, రెండు రోజులు మాకు కాలమే తెలియలేదు అంది. వెనక వరసాయన, వాయింపు కూడా నీలాగే ఉందమ్మా, తేడా లేదు అన్నాడు. నేను థాంక్స్ చెప్పాను. ఆయన తరఫున నేనే చెప్పాను.

మరుసటి వారం ఒక మధ్యాహ్నం ఆయనకి ఫోనొచ్చింది. బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. అద్దంలోంచి చూస్తున్నాను, తలూపుతున్నాడు, గోడ మీద వేలితో గీతలు గీస్తున్నాడు. లోపలికొచ్చి నీళ్లు తాగి అప్పుడు చెప్పాడు. పెద్ద ఆర్కెస్ట్రా వాళ్లు. ఆ కుర్చీకి ఆయన్ని కూడా చూస్తారట.

"ఏమన్నావ్?"

"సరే అన్నాను."

"అది నా కుర్చీ. నా బదులు వెళ్లావ్ నువ్వు."

"అప్పుడే నీదైపోలేదుగా. పొరుగూరి వాడు లేడూ పోటీకి? ఒకరికి ఇద్దరం ఉంటే మంచిదే కదా." గ్లాసు బోర్లించాడు. "ఎవరికొచ్చినా ఇంటికే కదా వచ్చేది."

స్నేహితుడి పెళ్లికి వెళ్లని మనిషి ఈయనేనా అని చూస్తూ నిలబడ్డాను. ఆ మాట పైకి అన్నాను కూడా. వాడు పరాయివాళ్లకి చేశాడు, మనం మనం ఒకటి, ఇది వేరు అన్నాడు. మొగుడూ పెళ్లాలైతే రూలు చెల్లదని ఎవరు చెప్పారో నేనింతవరకు వినలేదు.

ఆ తర్వాత ఎవర్ని కదిపినా అదే పాట. ఖాళీయేనా గారు ఫోన్లో నవ్వుతూ, మీ ఇంటికి రెండు లాటరీ టికెట్లమ్మా, ఏది తగిలినా లాభమే అన్నాడు. మా అమ్మ కూడా, పోనీలేవే, ఇంట్లోదే కదా అంది. ఇంట్లోది, ఇంటికి, ఇంటికే. నా పేరు పెట్టి పిలిచిన ఆ ఒక్క ఫోనూ చివరికి ఇంటి పేరైపోయింది. అన్నం దగ్గర మా ఆయన ఆ మాట ఇంకోసారి అంటే అత్తయ్య కూర వడ్డిస్తున్న గరిటె ఆపి, "ఆ కుర్చీ ఇంటికొస్తే ఎక్కడ వేద్దాంరా, హాల్లోనా? అందరం తలో పూటా కూర్చుందాం," అంది. ఆయన మూతి ముడుచుకున్నాడు. నాకూ నవ్వు రాలేదు.

ఇక చూడాలి క్యాలెండరు. ఆయన పెన్సిలు తేదీలకి ఒక్కసారిగా సిరా పరువొచ్చింది. ఆయన వారం వస్తోందంటే ఇంట్లో అందరం సర్దుకోవాలి. నా వారానికి మాత్రం పాత రూలే. నాకు కోపం వచ్చిందని చెబితే, నువ్వు వాయించలేక భయపడుతున్నావ్ అన్నాడు ఒకసారి. ఆ రోజు వంటింట్లో ఒక మంచి గ్లాసు పగిలింది. చెయ్యి జారిందని చెప్పాను, జారలేదు.

చలి తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం ఆయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించి, ఎంతో మంచిగా మాట్లాడాడు. పెద్ద ఆర్కెస్ట్రావాళ్లు వచ్చే వారానికి నన్ను పిలిచారు, కచేరీ రెండు సాయంత్రాలు, అన్నాడు. నాటకం ఉంది కదా. నాటకంవాళ్లు తెలియని మనుషుల్ని రానివ్వరు. నీకు ఆ పాటలన్నీ వచ్చు, ఇంట్లో విన్నవే. నా బదులు గుంటలో నువ్వు కూర్చోవా?

నేను తీగలు తుడుస్తున్నాను. తుడవడం ఆపలేదు.

"ఖాళీ లేదు," అన్నాను.

ఆయన లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్లి చూసి వచ్చాడు. "ఆ రెండు రోజులూ నీకేమీ లేదే."

"లేదు."

"మరి?"

"మరేం లేదు. ఖాళీ లేదు."

అదేమంత పెద్ద విషయం కాదు, వింటే. కానీ వాయించడం మొదలుపెట్టిన నాటి నుంచి ఏ పనీ లేని రోజున ఖాళీ లేదని నేను ఎవరికీ చెప్పి ఎరగను. ఆయన ఎవరెవరికో ఫోన్లు చేసుకోవడానికి బాల్కనీలోకి వెళ్లాడు. చివరికి ఎవరో కుర్రవాణ్ణి పంపాడు. నాటకంవాళ్లు మొహం చిట్లించారట. ఆయన కచేరీలు చేసుకొచ్చాడు, బాగానే వాయించాడట. ఆ రెండు సాయంత్రాలూ నేను పాపతో నేల మీద కూర్చుని కాగితం పడవలు చేశాను.

నా చివరి వారం వచ్చింది. ఆ వారం పెట్టిన సంగీతంలో ఒకచోట అందరూ ఆగిపోతారు, వయోలాలే మిగులుతాయి. మామూలుగా మాకు అలాంటి అదృష్టం పట్టదు, పడితే భయపడి చస్తాం. నేను భయపడలేదు. అంత కోపంలో భయానికి చోటెక్కడ? మెడలో, భుజంలో, వేళ్లలో పేరుకున్నదంతా ఆ నాలుగు వరుసల్లోకి దిగింది. అరవలేదు, కమాను ఒత్తలేదు, లోపల ఉన్నది ఉన్నట్టు వాయించాను. ముందు కుర్చీలో కూర్చునే మా వయోలాల పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. రిహార్సల్ మధ్యలో ఆవిడ వెనక్కి తిరగడం ఎవరూ చూడలేదని తర్వాత అందరూ చెప్పారు. మరునాటి నుంచి నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుంది.

వారం ముగిశాక రెండు రోజులకి ఆవిడే పిలిచింది. మధ్యాహ్నం, రిహార్సల్ అయిపోయి అందరూ వెళ్లిపోయాక, వాయిద్యాల పెట్టెలు పెట్టుకునే గదిలో. నిలబడే చెప్పింది.

"మా వరసలో అందరి మాటా నువ్వే. నేనే ఒక్కొక్కరినీ అడిగాను. కానీ మీ ఆయన కూడా ఉన్నాడు కదమ్మా. అతనూ బాగానే వాయించాడు. నీకిచ్చి అతనికి లేదంటే రేపు మీ ఇంట్లో ఏం గొడవలొస్తాయో, ఆ పాపం మనకెందుకని ఆఫీసులో వెనకాడారు. కాదనలేకపోయాను. ఆ పొరుగూరి అబ్బాయికి ఇస్తున్నాం."

"మా ఇంటి సంగతి చూడమని నేనడిగానా?" అన్నాను.

ఆవిడ తలదించుకుని పెట్టె తాళం వేసుకుంది. నిజమే, నువ్వడగలేదు అంది. మళ్లీ తనే, వచ్చే నెల రెండు వారాలు అదనంగా మనుషులు కావాలి, మీ ఇద్దరిలో ఎవరు వీలైతే వాళ్లు రండి అంది.

"నేను వస్తాను. ఆయన సంగతి ఆయన్నే అడగండి."

ఇంటికి నడిచే వచ్చాను. బస్సెక్కితే త్వరగా చేరిపోతానని. మా ఆయన వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. పాప బల్ల కింద ఆడుకుంటోంది, అత్తయ్య ల్యాబు నుంచి ఇంకా రాలేదు. కుర్చీ పొరుగూరి అతనికి ఇచ్చారని చెప్పాను. ఆయన ఒక నిట్టూర్పు విడిచాడు. బాధతో విడిచిన నిట్టూర్పు కాదది. నేను ఇన్నేళ్లుగా ఆ మనిషి ఊపిరి పక్కనే వాయిస్తున్నాను, నాకు తెలీదా?

"పోన్లే," అన్నాడు. "మనిద్దరికీ రాలేదన్నమాట. గొడవ లేదు."

అప్పుడు పెద్దావిడ అన్నదంతా చెప్పాను, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట తగ్గించకుండా. కత్తి ఆగిపోయింది.

"అయితే నేను ఆ రోజు సరే అనకపోయుంటే..."

"నాకొచ్చేది."

తలెత్తి నా మొహంలోకి చూశాడు. దేనికోసం చూస్తున్నాడో నాకు తెలుసు. సిరా రాసినప్పుడల్లా, బదులు పంపినప్పుడల్లా, ఇంటి దగ్గర ఉండిపోయినప్పుడల్లా ఇన్నేళ్లుగా ఆయనకి నేను ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటుంది, 'పర్వాలేదు' అని. దానికోసం చూస్తున్నాడు. నేను పాపని బల్ల కింద నుంచి లేపి, చేతులు కడిగించడానికి తీసుకెళ్లాను.

ఆ తర్వాత మేం ఒకరికొకరం బదులు వెళ్లలేదు. నా పని నాది, ఆయన పని ఆయనది, పాపని చూసుకోవడానికి ఒకావిడని పెట్టుకున్నాం. అదే ఇల్లు, అదే వంటిల్లు, విడిపోలేదు. తప్పయింది, క్షమించమని ఆయన అడిగాడు, ఒకసారి కాదు. అడిగిన ప్రతిసారీ ఒక క్షణం ఆగి నా మొహం చూస్తాడు.

నేనింకా ఆ మాట అనలేదు.